సోమర్సెట్ అండ్ డోర్సెట్ లైను మళ్లీ నడపాలంటే ఏ సిమ్యులేటర్?

పాత బ్రిటిష్ స్టీమ్ రైళ్లని కంప్యూటర్‌లో నడపాలని ఉబలాటపడేవాళ్లు ముందుగా అడిగేది "ఏ సిమ్యులేటర్ కొనమంటారు?" అని. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఏ లైను, ఏ ఏడాది? ఈ రెండూ తేల్చుకోకుండా కొన్నవాళ్లు ఆర్నెల్లు తిరిగేసరికి డిస్కు నిండా ఇంజన్లు పోగేసుకుంటారు. వాటిలో ఒక్కదాన్ని కూడా దాని సొంత పట్టాల మీద నడపకుండానే విసిగిపోతారు. ఆ జాబితాలో నేనూ ఒకణ్ణి.

బ్రిటన్‌లో స్టీమ్ అంటే ఒకటే కాలం కాదు. 1923 జనవరికి ముందు వందకు పైగా కంపెనీలు, ఎవరి రంగు వాళ్లది. ఆ తర్వాత పాతికేళ్లు నాలుగే పెద్ద కంపెనీలు: గ్రేట్ వెస్టర్న్, ఎల్ఎంఎస్, ఎల్ఎన్ఈఆర్, సదరన్. 1948 జనవరి 1న అన్నీ కలిసి బ్రిటిష్ రైల్వేస్ అయ్యాయి. 1968 ఆగస్టు 11న బ్రిటిష్ రైల్వేస్ మెయిన్ లైన్ మీద ఆఖరి స్టీమ్ స్పెషల్ నడిచింది. అదే స్టేషన్‌ని 1920లో చూస్తే ఒకలా, 1938లో ఇంకోలా, 1955లో మరోలా ఉంటుంది. సిగ్నల్ చేతులు, పెట్టెల రంగు, టెండర్ (ఇంజన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే పెట్టె) మీద రాత అన్నీ మారిపోతాయి.

ఒకసారి నేను "1950 నాటి" అని రాసి అమ్మిన ప్యాక్ ఒకటి కొన్నాను. తీరా తెరిచి చూస్తే ఇంజన్ల మీద 1956లో వచ్చిన గుర్తు ఉంది, సింహం కిరీటంలోంచి లేచి చక్రం పట్టుకునేది. 1950లో ఉండాల్సింది చక్రం మీద కాళ్లు చాపి నిలబడ్డ పాత సింహం. పక్కవాళ్లకిది చాదస్తం. మనకి మాత్రం పెళ్లిపందిట్లో ఎవరో వేరే పెళ్లి శుభలేఖ పంచిపెట్టినట్టుంటుంది.

అందుకని ఈ పోలిక గాల్లో చేయడం లేదు. నాలుగు సిమ్యులేటర్లనీ (ట్రెయిన్ సిమ్యులేటర్ క్లాసిక్, ట్రెయిన్ సిమ్ వరల్డ్, ట్రెయిన్జ్, ఓపెన్ రైల్స్) ఒకే లైను మీద నిలబెట్టి చూస్తాను: నైరుతి ఇంగ్లండ్‌లోని సోమర్సెట్ అండ్ డోర్సెట్, బాత్ గ్రీన్ పార్క్ నుంచి టెంపుల్‌కోంబ్ దాకా, 1950ల్లో ఒక వేసవి శనివారం.

ఎందుకీ లైను

చిన్న లైనే, కానీ కష్టాలన్నీ ఇక్కడే ఉన్నాయి. బాత్ స్టేషన్ దాటి జంక్షన్ దగ్గర మలుపు తిరగ్గానే 50 అడుగులకి 1 అడుగు ఎత్తు మొదలవుతుంది. అక్కణ్ణుంచి మిడ్‌ఫర్డ్ దాకా సింగిల్ లైను, టాబ్లెట్ (ఆ లైన్లోకి ఒక్క బండినే అనుమతించే లోహపు బిళ్ల) తీసుకుంటే తప్ప కదలడానికి లేదు. ఆ టాబ్లెట్ బండి నడుస్తుండగానే అందుకోవడానికి ఈ లైను లోకో సూపరింటెండెంట్ విటేకర్ కనిపెట్టిన పరికరం ఇంజన్లకి బిగించి ఉండేది. దారిలో రెండు సొరంగాలు: డెవన్‌షైర్ సొరంగం 447 గజాలు, కోంబ్ డౌన్ సొరంగం 1,829 గజాలు. రెండూ ఇరుకు, గాలి గొట్టాలు లేవు. 1929 నవంబరులో కోంబ్ డౌన్ సొరంగంలో పొగకి ఒక గూడ్స్ బండి డ్రైవరు, ఫైర్‌మన్ స్పృహ తప్పారు. బండి పట్టు లేకుండా బాత్ యార్డు దాకా జారి పడిపోయింది, ముగ్గురు చనిపోయారు.

అవి దాటితే రాడ్‌స్టాక్ బొగ్గు గనులు, ఆ పైన 811 అడుగుల ఎత్తున మాస్‌బరీ. ఇటు నుంచి ఎక్కినా, అటు ఎవర్‌క్రీచ్ వైపు నుంచి ఎక్కినా 50కి 1 తప్పదు. వేసవి శనివారాల్లో మాంచెస్టర్ నుంచి బోర్న్‌మత్ సముద్రతీరానికి వెళ్లే జనంతో పైన్స్ ఎక్స్‌ప్రెస్, దాని వెనక స్పెషళ్లు బారులు తీరేవి. వాటికి ముందు తగిలించడానికి ఎవర్‌క్రీచ్ జంక్షన్ మధ్య లైన్లో పైలట్ ఇంజన్లు (ఎత్తు ఎక్కడానికి సాయపడే రెండో ఇంజన్లు) ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉండేవి. 1966 మార్చిలో లైను మూసేశారు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, ఇంజన్ నిజంగా ఇంజన్‌లా ప్రవర్తిస్తుందా అన్నది. రెగ్యులేటర్ (ఆవిరి వదిలే మీట) తెరిస్తే బండి కదలడం పెద్ద విషయం కాదు. ఎత్తు ఎక్కుతుంటే బాయిలర్‌లో నీళ్లు వెనక్కి, మంటపెట్టె వైపుకి జరుగుతాయి. గాజు గొట్టంలో మట్టం దిలాసాగా పైకి కనిపిస్తుంది. మాస్‌బరీ దాటి ఇంజన్ ముక్కు కిందికి వంగగానే అవే నీళ్లు ముందుకి పోతాయి, మంటపెట్టె పైకప్పు మీద పల్చబడతాయి. అందుకే తెలిసిన ఫైర్‌మన్ శిఖరం రాకముందే ఇంజెక్టర్ (బాయిలర్‌లోకి నీళ్లు ఎక్కించే పరికరం) పెట్టేవాడు. ఏ ఇంజన్ ప్యాక్ కొనేముందైనా ఎవరైనా నడిపిన వీడియో పెట్టుకుని శిఖరం దగ్గర ఆ గాజు గొట్టాన్నే చూడండి. చాలావరకు అక్కడే తేలిపోతుంది.

బ్రేకులూ అంతే. బ్రిటన్‌లో వాక్యూమ్ బ్రేకులు (గొట్టంలో గాలి తీసేసి పనిచేయించేవి), చాలా కంపెనీల్లో పాదరసం లెక్కన 21 అంగుళాలు, గ్రేట్ వెస్టర్న్‌లో 25. మన దగ్గరా వాక్యూమ్ బ్రేకులు దశాబ్దాల పాటు నడిచినవే, రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాళ్లకి ఈ అంగుళాల లెక్క కొత్త కాదు. బొగ్గు వ్యాగన్లకైతే ఆ బ్రేకు కూడా లేదు. ఇంజన్ బ్రేకు, వెనక గార్డు వ్యాన్ బ్రేకు, అంతే. అలాంటి 40 వ్యాగన్లతో మాస్‌బరీ దిగడం ఎలా ఉంటుందో సిమ్యులేటర్ చూపించగలగాలి.

రెండోది, మీ లైను, మీ ఏడాది అందులో దొరుకుతాయా. దొరక్కపోతే మీరే కట్టుకోగలరా. మూడోది, చుట్టూ కదలిక: మిగతా బళ్లు, టైమ్‌టేబుల్, పైలట్ ఇంజన్ తగలడం, విడిపోవడం. ఆఖరిది మీ కంప్యూటరు, డబ్బు, ఓపిక. నా అనుభవంలో వీటిలో ముందుగా అయిపోయేది ఓపికే.

ట్రెయిన్ సిమ్యులేటర్ క్లాసిక్

ఈ రాత్రే బాత్‌లో ఇంజన్ ఎక్కాలనుకుంటే ఇదొక్కటే దారి. 2007లో కుజు తెచ్చిన రైల్ సిమ్యులేటర్‌కి ఇది వారసురాలు. బాత్–టెంపుల్‌కోంబ్ రూటు ఆ మొదటి ఆటలోనే ఉంది, లైను కోసమే కట్టిన 7ఎఫ్ ఇంజనూ ఉంది. ఇప్పుడు డవ్‌టెయిల్ గేమ్స్ చేతిలో ఉన్న ఈ సిమ్యులేటర్‌కి బ్రిటిష్ స్టీమ్ సరుకు ఉన్నంత ఇంకే కొత్త సిమ్యులేటర్‌కీ లేదు. సెటిల్–కార్లైల్, 1950ల నాటి ఎక్సెటర్–కింగ్స్‌వేర్, వెస్ట్ సోమర్సెట్, ఇలా చాలా ఉన్నాయి.

ఇందులో మెలిక ఏమిటంటే అసలు ఆటలోని స్టీమ్ లెక్క తేలికపాటిది. 7ఎఫ్‌తో బాత్ నుంచి బయల్దేరి కాస్త నిర్లక్ష్యంగా నడిపినా అది క్షమించేస్తుంది. నిజమైన కష్టం కావాలంటే విక్టరీ వర్క్స్, బాస్‌మన్ గేమ్స్ లాంటి వాళ్లు సొంత స్క్రిప్టులతో చేసిన ఇంజన్లు కొనాలి. అవి వేరే ఆటలా ఉంటాయి. మంట పల్చబడితే తెలుస్తుంది, సిలిండర్ కాక్స్ (సిలిండర్‌లో చేరిన నీళ్లు వదిలే కవాటాలు) మూయడం మర్చిపోతే తెలుస్తుంది. అంటే ఈ ఆటలో నాణ్యత ఇంజన్ ఇంజన్‌కీ మారుతుంది. ఆటని చూసి కాదు, ఇంజన్ చేసినవాళ్లని చూసి కొనాలి.

ఇంకో చికాకు సినారియోలు. ఒక బండి, ఒక ప్రయాణం, ముందే రాసిపెట్టిన కదలిక. ఎవర్‌క్రీచ్‌లో పైలట్లు వచ్చి పోతుండే ఆ శనివారం మొత్తం ఇందులో బతకదు. అందులోంచి ముప్పావుగంట ముక్క బతుకుతుంది. ధర గురించి ఒక్క మాట: మామూలు ధరకి ఎప్పుడూ కొనకండి, సేల్ కోసం ఆగండి.

ట్రెయిన్ సిమ్ వరల్డ్

కంటికి ఇదే బాగుంటుంది. వానలో తడిసిన ప్లాట్‌ఫారం మీద నడుచుకుంటూ వెళ్లి ఇంజన్ ఎక్కొచ్చు, ఫైర్‌మన్ పని ఆటకి వదిలేయొచ్చు, కన్సోల్ మీద కూడా నడుస్తుంది. ప్రతి రూటుకీ రోజంతా టైమ్‌టేబుల్ ఉంటుంది, అందులో ఏ బండైనా పట్టుకోవచ్చు. ఇది క్లాసిక్‌లో లేని సుఖం.

కానీ ఇందులో స్టీమ్ ఇంజన్లు 2022లో గానీ రాలేదు. లివర్‌పూల్ లైమ్ స్ట్రీట్–క్రూ రూటు, జూబిలీ ఇంజను, స్టేనియర్ 8ఎఫ్‌తో వచ్చింది. తర్వాత పీక్ ఫారెస్ట్ లాంటివి కొన్ని చేరాయి. చేసినవి శ్రద్ధగా చేశారు, కాదనను. సోమర్సెట్ అండ్ డోర్సెట్ కావాలంటే మాత్రం మీరే కట్టాలి. బయటివాళ్ల కోసం ఎడిటర్ ఇచ్చారు గానీ అది అన్‌రియల్ ఇంజన్ (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మీద నడిచేది. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి రెండు గంటలు కూర్చునేవాళ్ల వల్ల అయ్యే పని కాదు. "చారిత్రక లైను మళ్లీ బతికించాలి" అన్న కోరికకి ఇది నప్పదు. వాళ్లు బతికించి ఇచ్చిన రెండు మూడు లైన్లు చాలనుకుంటే హాయిగా తీసుకోండి.

ట్రెయిన్జ్

2001లో ఆస్ట్రేలియాలో పుట్టింది, ఇప్పుడు ఎన్‌త్రీవీ గేమ్స్‌ది. దీన్ని సిమ్యులేటర్ అనడం కంటే కంప్యూటర్‌లో మోడల్ రైల్వే అనడం సబబు. పట్టా లాగితే వస్తుంది, కొండని వేలితో నొక్కినట్టు దించొచ్చు, చెట్టు పెట్టి వెంటనే బండి నడిపి చూసుకోవచ్చు. కట్టడం, నడపడం మధ్య గోడ లేదు. మ్యాక్ వాడేవాళ్లకి కూడా దొరుకుతుంది. అభిమానులు చేసి ఉచితంగా పెట్టిన ఇళ్లు, సిగ్నళ్లు, వ్యాగన్లు లక్షలకొద్దీ ఉన్నాయి. దించుకున్న రూటు తెరిస్తే "ఫలానా వస్తువు దొరకలేదు" అన్న జాబితా కనబడటం మాత్రం ఇక్కడ మామూలే, టెన్షన్ పడకండి.

రాడ్‌స్టాక్ లాంటి చోట ఇది మెరుస్తుంది. గని దగ్గర ఖాళీ వ్యాగన్ నిలబెడితే బొగ్గు నిండుతుంది, దించే చోట దిగుతుంది. రోజంతా షంటింగ్ చేస్తూ గడిపేయొచ్చు. అయితే క్యాబ్‌లో కూర్చుంటే ఆ మజా ఆవిరైపోతుంది. స్టీమ్ లెక్క పల్చన. 50కి 1 ఎక్కుతున్నా చెమట పట్టదు.

ఓపెన్ రైల్స్

ఉచితం. నా ఓటు దీనికే. ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి తెరిచినవాళ్లు బొమ్మ చూసి మూసేస్తారు.

2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్ రూట్లని నడపడానికి ఔత్సాహికులు కలిసి రాసుకున్న ప్రోగ్రామ్ ఇది. ఆ పాత ఆటలోనే 1920ల సెటిల్–కార్లైల్ లైను, ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఉన్నాయి, అవి ఇందులో ఇప్పటికీ నడుస్తాయి. బొమ్మ పాతబడింది. స్టోర్ అంటూ లేదు, ఒక్కో రూటు ఎక్కించుకోవడం ఒక ఆదివారం పని. కొన్ని రూట్లు అసలు మైక్రోసాఫ్ట్ సీడీలోని ఫైళ్లు కూడా అడుగుతాయి.

ఇక లోపల ఏముందో చూడండి. ఇంజన్ వివరాలన్నీ మామూలు టెక్స్ట్ ఫైల్లో ఉంటాయి, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. 7ఎఫ్‌కి బాయిలర్ పీడనం చదరపు అంగుళానికి 190 పౌండ్లు, సిలిండర్ 21 అంగుళాల వెడల్పు, అందులో పిస్టన్ కదిలే దూరం 28 అంగుళాలు. ఆ అంకెలు మీరే వేయొచ్చు. వేశాక బండి ప్రవర్తన మారుతుంది, ఎందుకంటే ఆవిరి ఎంత పుడుతోంది, ఎంత ఖర్చవుతోంది అన్నది ప్రోగ్రామ్ నిజంగానే లెక్క కడుతుంది. బొగ్గు మీరే వేసుకునే పద్ధతి ఉంది. వాక్యూమ్ బ్రేకుకి ఎజెక్టర్లు (గొట్టంలోంచి గాలి లాగేసేవి) విడిగా ఉన్నాయి. నేను 7ఎఫ్‌కి తొమ్మిది పెట్టెలు తగిలించి మొదటిసారి బాత్ నుంచి బయల్దేరినప్పుడు డెవన్‌షైర్ సొరంగం చేరేసరికి పీడనం 190 నుంచి 150కి పడిపోయింది, బండి సొరంగం నోట్లో ఆగింది. తప్పు నాదే, జంక్షన్ మలుపు దగ్గరే కట్-ఆఫ్ (సిలిండర్‌లోకి ఆవిరి వెళ్లే వ్యవధి) తగ్గించాల్సింది. పొగకి ఊపిరాడకపోవడం మాత్రం ఏ సిమ్యులేటర్‌లోనూ లేదు. ఉండకపోవడమే మంచిదనుకోండి.

అసలు సంగతి టైమ్‌టేబుల్. ఎక్సెల్ లాంటి పట్టిక ఒకటి: ఒక్కో నిలువు వరుస ఒక్కో బండి, ఒక్కో అడ్డ వరుస ఒక్కో స్టేషన్. పాత వర్కింగ్ టైమ్‌టేబుల్ (రైల్వే సిబ్బంది వాడుకునేది) పక్కన పెట్టుకుని గడులు నింపుకుంటూ పోవడమే. ఇంజన్ తగిలించడం, విడదీయడం కూడా ఆ పట్టికలోనే రాయొచ్చు. అంటే ఎవర్‌క్రీచ్ మధ్య లైన్లో పైలట్లు నిలబడి, ఒక్కొక్కటే వచ్చి ఉత్తరం వెళ్లే బండికి తగిలి, మాస్‌బరీ దాటించే శనివారం మొత్తం నడుస్తుంది. మీరు అందులో ఏదో ఒక బండి డ్రైవరు, మిగతావి వాటంతట అవే పోతుంటాయి. మిగతా మూడింట్లో నాకు ఈ అనుభవం దొరకలేదు.

ఒక చూపులో

| | క్లాసిక్ | సిమ్ వరల్డ్ | ట్రెయిన్జ్ | ఓపెన్ రైల్స్ |
|---|---|---|---|---|
| స్టీమ్ నడక | ఇంజన్ చేసినవాళ్లని బట్టి | బాగుంది, ఇంజన్లు తక్కువ | తేలిక | లోతు |
| మన లైను | ఉంది | లేదు | వెతుక్కోవాలి లేదా కట్టుకోవాలి | వెతుక్కోవాలి లేదా కట్టుకోవాలి |
| కట్టడం | కుదురుతుంది, నిదానం | కష్టం | సులువు | విడి ఎడిటర్, మొండితనం కావాలి |
| రోజంతా రాకపోకలు | అంతంతమాత్రం | బాగుంది | ఫర్వాలేదు | చాలా బాగుంది |
| కంప్యూటర్ | మధ్యరకం | గట్టిది | మధ్యరకం నుంచి గట్టిది | పాత ల్యాప్‌టాప్ చాలు |
| ఖర్చు | యాడ్-ఆన్లతో పెరుగుతుంది | ఒక్కో రూటుకీ | మధ్యస్థం | సున్నా, కొన్ని రూట్లు తప్ప |

ఎవరికి ఏది

ఇంజన్ నడపడమే ముఖ్యం, కట్టే ఓపిక లేదు అంటే క్లాసిక్, దానితో ఒక్క మంచి ఇంజన్. ఒక్కటే. అది చేతికి అలవాటయ్యేదాకా రెండోది కొనకండి. పిల్లలతో కలిసి సోఫాలో కూర్చుని ఆడేవాళ్లకి సిమ్ వరల్డ్, వేరే ఆలోచన అక్కర్లేదు. చేతులు ఊరుకోనివాళ్లకి, స్టేషన్ పక్కన సిగ్నల్ క్యాబిన్ కిటికీలు ఎన్నో లెక్కపెట్టేవాళ్లకి ట్రెయిన్జ్.

టైమ్‌టేబుల్ పిచ్చి ఉన్నవాళ్లకీ, ఇంజన్ లోపలి లెక్కల మీద మోజున్నవాళ్లకీ, డబ్బు పెట్టలేని విద్యార్థులకీ ఓపెన్ రైల్స్. ఈ ముగ్గురూ ఒకచోట చేరడం విచిత్రమే గానీ నిజం.

రెండు పడవల మీద కాలు పెట్టినా తప్పు లేదు. నేను క్లాసిక్‌లో నడిపి దారి కంఠస్థం చేసుకున్నాను: ఎక్కడ ఎత్తు మొదలవుతుంది, ఎక్కడ విజిల్ వేయాలి. ఆ తర్వాత ఓపెన్ రైల్స్‌లో దిగాను. ముందే దీంతో మొదలుపెట్టి ఉంటే వారంలో వదిలేసేవాణ్ణి.

కట్టడానికి కూర్చునేవాళ్లకి

స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం పాత ఆర్డినెన్స్ సర్వే పటాలని ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. మైలుకి 25 అంగుళాల పటంలో ఒక్కో పట్టా, ఒక్కో పాయింటు (పట్టా చీలే చోటు), ఒక్కో సిగ్నల్ స్తంభం కనిపిస్తాయి. ఇప్పటి ఉపగ్రహ చిత్రాన్ని పక్కన పెట్టుకుని చూసే సదుపాయం కూడా ఉంది. నేల ఎత్తుపల్లాలకి ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ లైడార్ (లేజర్‌తో కొలిచిన) డేటా ఉచితం. లైను మూసేసి అరవై ఏళ్లయినా కట్టలు, కోతలు అందులో మచ్చల్లా తేలతాయి.

బాత్, బ్రిస్టల్ వైపు ఉంటున్న తెలుగువాళ్లకి ఇంకో అదృష్టం. డెవన్‌షైర్, కోంబ్ డౌన్ సొరంగాలని 2013లో నడక, సైకిల్ దారిగా తెరిచారు. సొరంగం లోపల నడుస్తూ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. ఇంజన్‌కీ గోడకీ మధ్య ఎంత చోటు మిగిలేదో ఏ పటమూ చెప్పనంత బాగా తెలుస్తుంది. గ్రీన్ పార్క్ స్టేషన్ పైకప్పు కూడా నిలిచే ఉంది.

మొదటిసారే టెంపుల్‌కోంబ్ దాకా కట్టాలని కూర్చోకండి. అక్కడ బండిని మెయిన్ లైన్ మీదున్న పై స్టేషన్‌లోకి తీసుకెళ్లాలంటే ఇంకో ఇంజన్ వచ్చి వెనక్కి లాగాలి, ఆ ఒక్క ముడి విప్పడానికే నెల పడుతుంది. బాత్ నుంచి మిడ్‌ఫర్డ్ దాకా చాలు. నాలుగు మైళ్ల పైచిలుకు, రెండు సొరంగాలు, ఒక టాబ్లెట్. నాది ఇంకా మిడ్‌ఫర్డ్ వయాడక్ట్ (కమానుల వంతెన) దగ్గరే ఆగి ఉంది, ఎనిమిది కమానుల్లో ఐదు లేచాయి.